నాణెం పెట్టెలో ఇంటి యంత్రం (వీడియో గేమ్ చరిత్ర – 9వ భాగం)

1984 నాటికి అమెరికాలో ఇంటి వీడియో గేమ్ వ్యాపారానికి పుట్టగతులు లేవు. గత భాగంలో చూసినట్టు అటారీ కుప్పకూలింది. అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లు గుట్టలు పడ్డాయి. ఆ సరుకు పేరెత్తితేనే బొమ్మల దుకాణాల వాళ్లు మొహం తిప్పుకునేవారు. అదే సమయంలో జపాన్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. క్యోటోలోని నింటెండో కంపెనీ 1983 జూలై 15న 14,800 యెన్లకు విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్, జనం వాడుకలో ఫామికామ్, అక్కడి ఇళ్లలో పాతుకుపోతోంది. దాన్ని విదేశాల్లో అమ్మిపెట్టే పని అటారీకే అప్పగిద్దామని నింటెండో మొదట బేరమాడింది. బేరం కుదరలేదు, ఈలోగా అటారీయే నష్టాల్లో మునిగిపోయింది.

అయినా అమెరికాలో ఒకచోట నింటెండో పేరుకు ఇంకా విలువ ఉంది. అది ఆర్కేడ్. 1981లో వచ్చిన డాంకీ కాంగ్ పెట్టెల్లో కుర్రకారు పావు డాలర్ నాణేలు కుమ్మరించిన చోటు. దుకాణం తలుపు మూసుకున్నా ఆర్కేడ్ తలుపు తెరిచే ఉందని గ్రహించిన నింటెండో, ఫామికామ్ లోపలి సరంజామాను తీసి నిలువెత్తు కేబినెట్‌లో బిగించింది. ఆ యంత్రం పేరు వీఎస్ సిస్టమ్. ఇంటి కోసం పుట్టిన ఫామికామ్ అమెరికా గడ్డ మీద తొలిసారి అడుగుపెట్టింది ఈ వేషంలోనే.

అప్పటిదాకా ఆటల ప్రయాణం ఒకే దిశలో సాగేది. ఆర్కేడ్‌లో ఖరీదైన చిప్పులతో కొత్త బోర్డు వచ్చేది. జనం ఎగబడేవారు. కొన్నాళ్లకు అదే ఆట రంగులు తగ్గి, బొమ్మలు చిక్కిపోయి ఇంటి యంత్రానికి చేరేది. వీఎస్ సిస్టమ్‌తో ఆ వరస తిరగబడింది.

రంగులతో వేసిన తాళం

ఫామికామ్ బోర్డును యథాతథంగా కేబినెట్‌లో పెట్టేస్తే పని జరగదు. ఇంటి యంత్రంలోని బొమ్మల చిప్పు రంగులన్నిటినీ కలిపి ఒకే తీగలో టీవీకి పంపుతుంది. ఆర్కేడ్ తెరకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికది విడిగా రావాలి. అందుకని రికో సంస్థ తయారుచేసిన ఆ చిప్పునే, మూడు రంగులూ విడిగా పంపేలా మార్చి చేయించారు. 6502 ప్రాసెసర్ వంశానికి చెందిన ఫామికామ్ మెదడు మాత్రం అలాగే ఉంది. దానికి నాణేల లెక్క, ఒక ఆటకు ఎన్ని నాణేలు, ఆట ఎంత కఠినంగా ఉండాలి వంటివి యజమాని సర్దుకునే చిన్న మీటలు తోడయ్యాయి.

అసలు తెలివి మరోచోట ఉంది. ఆర్కేడ్ వ్యాపారానికి నకిలీల బెడద ఎప్పుడూ ఉండేది. ఆట ఉన్న మెమరీ చిప్పులను కాపీ కొట్టి, పాత బోర్డులోకి గుచ్చి నడిపేసేవారు. దానికి విరుగుడుగా నింటెండో బొమ్మల చిప్పును పలు రకాలుగా తయారుచేయించింది. 2సీ04 అనే చిప్పులోనే నాలుగు రకాలున్నాయి. వాటిలో రంగుల వరస నంబర్లను కలగాపులగం చేశారు. ఫలానా నంబరు రంగు కావాలని ఆట అడిగితే, దానికోసం చేసిన చిప్పు సరైన నీలం ఇస్తుంది. మరో రకం చిప్పు ఇంకేదో రంగు పూస్తుంది. కాబట్టి దొంగ కాపీ కొట్టినవాడు ఆట నడిపించగలడు గానీ, తెర మీద రంగులు పిచ్చిపిచ్చిగా కనిపిస్తాయి. ప్రోగ్రాంలో ఒక్క వాక్యం అదనంగా రాయకుండా వేసిన తాళం అది.

ఆర్కేడ్ యజమానులకు నచ్చింది మాత్రం ధర, సౌకర్యం. పాత డాంకీ కాంగ్ కేబినెట్‌నే మార్చుకునే కిట్‌లు దొరికేవి. కొత్త ఆట కావాలంటే కొత్త యంత్రం కొననక్కర్లేదు. మెమరీ చిప్పులు, అవసరమైతే బొమ్మల చిప్పు, పైన వెలిగే పేరు అట్ట మారిస్తే సరిపోయేది. వీఎస్ టెన్నిస్, వీఎస్ బేస్‌బాల్ లాంటి ఆటల కోసం రెండు తెరలున్న డ్యూయల్ సిస్టమ్ కూడా వచ్చింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే దాని బల్ల రూపానికి రెడ్ టెంట్ అని పేరు.

1985 అక్టోబరులో నింటెండో ఫామికామ్‌ను ఎన్‌ఈఎస్‌గా రూపం మార్చి న్యూయార్క్ ప్రాంతంలో ప్రయోగాత్మకంగా అమ్మకానికి పెట్టింది. అప్పటికే ఆ ఆటలు అమెరికా ఆర్కేడ్‌లలో నాణేలు రాబడుతున్నాయి. 1986లో వచ్చిన వీఎస్ సూపర్ మారియో బ్రదర్స్ ఇంటి ఆట కంటే కఠినం. అదనపు ప్రాణాలు దొరికే చోట్లు తగ్గించారు, కొన్ని స్థాయిలను పూర్తిగా మార్చేశారు. ఇంట్లో మారియోను కాచి వడబోసిన పిల్లవాడు ధీమాగా వచ్చి ఆర్కేడ్‌లో నాణెం వేస్తే, అలవాటైన చోటనే గోతిలో పడేవాడు.

అదే ఏడాది ప్లేచాయిస్-10 వచ్చింది. అందులో పది ఆటలు పడతాయి. ఇక్కడ నాణెం కొనిపెట్టేది ప్రాణాలను కాదు, సమయాన్ని. ఆ సమయం అయ్యేలోపు ఆటగాడు ఒక ఆట మానేసి మరో ఆటకు మారవచ్చు. జెడ్80 అనే మరో ప్రాసెసర్ పర్యవేక్షకుడిగా కూర్చుని గడియారం చూసుకునేది. 1990లలో మన ఊళ్లలో వెలసిన వీడియో గేమ్ షాపుల్లో ఫామికామ్ నకళ్లను టీవీలకు తగిలించి గంటకింతని వసూలు చేసింది కూడా ఈ లెక్కే. జెడ్80 పనిని అక్కడ గల్లా దగ్గర కూర్చున్న షాపాయన చేసేవాడు. నింటెండోకైతే ప్లేచాయిస్ ఒక ప్రచార బండి. సూపర్ మారియో బ్రదర్స్ 3 అమెరికా దుకాణాల్లోకి 1990లో వచ్చింది. దానికి ముందే అక్కడి పిల్లలు ప్లేచాయిస్ పెట్టెల దగ్గర నిలబడి దాని రుచి చూశారు.

వేలల్లో బోర్డు, లక్షల్లో చిప్పు

ఈ పద్ధతి వెనక ఉన్నది ముతక లెక్క. ఒక కొత్త చిప్పును రూపొందించడానికి అయ్యే ఖర్చు, దాన్ని వెయ్యి చేసినా కోటి చేసినా ఇంచుమించు ఒకటే. ఆర్కేడ్ బోర్డు బాగా ఆడినా వేలల్లో, మహా అయితే కొన్ని పదుల వేలల్లో అమ్ముడవుతుంది. ఇంటి యంత్రం లక్షల్లో, కోట్లలో పోతుంది. ఫామికామ్, ఎన్‌ఈఎస్ కలిపి ప్రపంచవ్యాప్తంగా 6 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఆ సంఖ్య మీద ఖర్చు పంచుకున్న చిప్పు ఆర్కేడ్ బోర్డులోకి వస్తే, బోర్డు ధర దానంతటదే దిగుతుంది. పైగా ఆ చిప్పు మీద పనిచేయడం తెలిసిన ప్రోగ్రామర్లు అప్పటికే వందల మంది ఉంటారు.

ఫామికామ్ విడుదలైన రోజే జపాన్‌లో ఎస్‌జీ-1000ను మార్కెట్‌లోకి దింపిన సెగా ఈ లెక్కను రెండు వైపుల నుంచీ వాడుకుంది. 68000 ప్రాసెసర్‌తో నడిచే తన సిస్టమ్ 16 ఆర్కేడ్ బోర్డు అనుభవంతో 1988లో మెగా డ్రైవ్ అనే ఇంటి యంత్రం చేసింది. వెంటనే వెనక్కి తిరిగి, మెగా డ్రైవ్ చిప్పులతో సిస్టమ్ సీ-2 అనే ఆర్కేడ్ బోర్డు కట్టింది. కాలమ్స్, పుయో పుయో నడిచింది దాని మీదే. ప్లేచాయిస్‌కు పోటీగా, సమయాన్ని అమ్మే మెగాటెక్ కూడా తెచ్చింది. ఒసాకాలోని ఎస్‌ఎన్‌కే అయితే తేడానే చెరిపేసింది. 1990లో ఒకే నియో జియోను ఆర్కేడ్‌కు ఒక పెట్టెలో, ఇంటికి మరో పెట్టెలో అమ్మింది. ఇంటి పెట్టె ఖరీదు అమెరికాలో దాదాపు 650 డాలర్లు. ఆ ధరకు కొన్నది కొద్దిమందే.

ఇంతవరకూ ఇది చవక సరుకు కథ. ఆర్కేడ్‌లో జనాన్ని నిలబెట్టి నోరు వెళ్లబెట్టించే యంత్రాలు వేరే ఉండేవి. 1993లో సెగా వర్చువా ఫైటర్, నామ్‌కో రిడ్జ్ రేసర్ త్రీడీ బొమ్మలతో వచ్చాయి. ఆ తర్వాత సెగా మోడల్ 2 బోర్డుకు సైనిక శిక్షణ యంత్రాల కోసం చేసిన సాంకేతికతను తెచ్చింది. అలాంటి బోర్డులు పెద్ద నగరాల పెద్ద ఆర్కేడ్‌లు మాత్రమే భరించగలిగేవి. ఇంటి యంత్రం ఆ దరిదాపులకు రాలేదని అంతా అనుకున్నారు.

టెక్కెన్ పందెం

సోనీకి ఆర్కేడ్‌లు లేవు, ఆటలు చేసిన అనుభవమూ తక్కువే. కెన్ కుతరాగి బృందం తయారుచేస్తున్న ప్లేస్టేషన్‌కు పేరున్న ఆటల కంపెనీ అండ కావాలి. నామ్‌కోకి నింటెండో షరతుల మీద ఎప్పటి నుంచో గుర్రు. దాని అధినేత మసాయా నకమురా 1989లోనే నింటెండో గుత్తాధిపత్యాన్ని బాహాటంగా దుయ్యబట్టారు. ఇటు సెగాయేమో ఆర్కేడ్‌లో ప్రత్యర్థి. అలా సోనీ, నామ్‌కో దగ్గరయ్యాయి. ఆ స్నేహంలోంచి 1994లో సిస్టమ్ 11 బోర్డు పుట్టింది.

సిస్టమ్ 11 అంటే దాదాపు ప్లేస్టేషనే. అదే ఆర్3000ఏ ప్రాసెసర్, అదే 33 మెగాహెర్ట్జ్ వేగం, అదే 2 మెగాబైట్ల ప్రధాన మెమరీ. మార్పులు మూడు నాలుగే. సీడీకి బదులు ఆటను మెమరీ చిప్పుల్లోనే ఉంచారు. ఆర్కేడ్‌లో నాణెం వేసినవాడిని సీడీ తిరిగేదాకా నిలబెట్టడం కుదరదు కదా. బొమ్మల మెమరీని 1 నుంచి 2 మెగాబైట్లకు పెంచారు. సోనీ శబ్దం చిప్పును పక్కన పెట్టి నామ్‌కో తన సొంత చిప్పును బిగించింది. నకిలీలను అడ్డుకోవడానికి ఆట ఆటకూ వేరే తాళం చిప్పు పెట్టింది. పదేళ్ల కింద నింటెండో రంగులతో చేసిన పనిని ఈసారి నామ్‌కో తాళం చెవితో చేసింది.

ఈ బోర్డు మీద వచ్చిన తొలి ఆట టెక్కెన్. రూపకర్త సేయిచి ఇషీ అంతకుముందు సెగాలో వర్చువా ఫైటర్ మీద పనిచేసినవాడే. మోడల్ 2 మీద నడిచే వర్చువా ఫైటర్ 2 పక్కన నిలబెడితే టెక్కెన్ బొమ్మలు గరుకుగానే కనిపించేవి. కానీ బోర్డు చవక, చిన్న ఆర్కేడ్‌లకు అందుబాటు. 1994 డిసెంబర్ 3న ప్లేస్టేషన్ జపాన్ దుకాణాల్లోకి వచ్చింది. 1995 మార్చి 31న టెక్కెన్ ఇంటికి చేరింది. రెండూ ఒకే జాతి యంత్రాలు కావడంతో ఆటను కోసి కుదించాల్సిన పని పెద్దగా పడలేదు. పైగా సీడీలో చోటు మిగిలింది. కొత్త వీడియో దృశ్యాలు చేర్చారు. ఆర్కేడ్‌లో తొలుత శత్రువులుగా మాత్రమే కనిపించిన పాత్రలతో ఆడే వీలు కల్పించారు. ఆట లోడయ్యే వ్యవధిలో పాత గలాగా ఆడుకోనిచ్చారు.

ఇక దారి పడింది. సోనీ జెడ్ఎన్-1 పేరుతో ఇలాంటి బోర్డులను ఇతర కంపెనీలకూ ఇచ్చింది. అరికా సంస్థ చేయగా కాప్‌కామ్ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ ఈఎక్స్ 1996లో ఆ బోర్డు మీద వచ్చింది. నామ్‌కో అదే ప్రాసెసర్‌ను 48 మెగాహెర్ట్జ్‌కు పెంచి సిస్టమ్ 12 చేసింది. 1997లో దాని మీద టెక్కెన్ 3 ఆర్కేడ్‌లను ఏలింది. 1998లో ఇంటికి వచ్చేటప్పుడు పాత్రల నమూనాలు కొంత సన్నబడ్డాయి గానీ, టెక్కెన్ బాల్, టెక్కెన్ ఫోర్స్ అనే కొత్త ఆటపద్ధతులు, అదనపు పాత్రలు చేరాయి. నాణేలు వేసి ఆడేదాని కంటే ఒక్కసారి కొనుక్కున్నదానిలోనే ఎక్కువ సరుకు ఉందని కుర్రాళ్లు లెక్కేసుకోవడం అక్కడ మొదలైంది.

శని గ్రహం పేరు పెట్టుకున్న సెగా సాటర్న్ కూడా 1994 నవంబర్‌లోనే విడుదలైంది. దాని చిప్పులతో చేసిన ఆర్కేడ్ బోర్డుకు శని ఉపగ్రహం టైటాన్ పేరు పెట్టారు. మోడల్ 2 కొనలేని ఆర్కేడ్ యజమానులకు ఎస్‌టీ-వీ అనే ఈ బోర్డును సెగా అమ్మింది. ట్రెజర్ సంస్థ చేసిన రేడియంట్ సిల్వర్‌గన్ 1998లో ముందు ఈ బోర్డు మీద, అదే ఏడాది సాటర్న్ మీద వచ్చింది. అయితే ఎస్‌టీ-వీ చేసిన అన్నిటికంటే విచిత్రమైన ఉద్యోగం ఆట కాదు. స్నేహితురాళ్లు తెర ముందు గుమిగూడి ఫొటో దిగితే చిన్న స్టిక్కర్లుగా ముద్రించి ఇచ్చే ప్రింట్ క్లబ్ యంత్రాన్ని అట్లస్, సెగా 1995లో తెచ్చాయి. జపాన్ బడి పిల్లలు వెర్రెత్తిపోయారు. దాని రెండో తరం ప్రింట్ క్లబ్ 2 లోపల ఉన్నది ఎస్‌టీ-వీ బోర్డే.

చిప్పు ఇల్లూ ఆర్కేడూ పంచుకునే సరుకు అయ్యాక యంత్రం విలువ మరో చోటికి జరిగింది. కెమెరా, స్టిక్కర్ ముద్రించే యంత్రం, తెర వేసిన గది ఇంట్లో ఉండవు. 1998లో కొనామీ తెచ్చిన డాన్స్ డాన్స్ రివల్యూషన్ దీనికి తిరుగులేని రుజువు. దాని లోపలి సిస్టమ్ 573 బోర్డు ప్లేస్టేషన్ చిప్పులదే, సీడీ డ్రైవ్‌తో సహా. బోర్డు పరంగా చూస్తే నాలుగేళ్ల పాత సరుకు. కానీ జనం చూసింది బోర్డును కాదు, కాళ్ల కింద వెలిగే నాలుగు బాణాలను, చెవులు దద్దరిల్లే స్పీకర్లను, చుట్టూ మూగిన ప్రేక్షకులను.

ఇల్లు గెలిచిన రోజు

1998 నవంబర్ 27న సెగా డ్రీమ్‌కాస్ట్ జపాన్‌లో విడుదలైంది. దాని జంట ఆర్కేడ్ బోర్డు నవోమీ అదే ఏడాది వచ్చింది. రెండింటిలోనూ 200 మెగాహెర్ట్జ్ ఎస్‌హెచ్-4 ప్రాసెసర్, పవర్‌వీఆర్ బొమ్మల చిప్పు. తేడా మెమరీలో. డ్రీమ్‌కాస్ట్‌లో ప్రధాన మెమరీ 16 మెగాబైట్లు, బొమ్మలకు 8, శబ్దానికి 2. నవోమీలో వరసగా 32, 16, 8. లక్షలు పోసి కొత్త చిప్పు రూపొందించే బదులు, ఉన్న చిప్పుకే విశాలమైన గోదాము కట్టారన్నమాట. హౌస్ ఆఫ్ ది డెడ్ 2, క్రేజీ టాక్సీ, మార్వెల్ వర్సెస్ కాప్‌కామ్ 2 అన్నీ ఈ బోర్డువే. మార్వెల్ ఆట ఆర్కేడ్‌లోకి, ఇంటికి 2000 మార్చి నెలలోనే వచ్చింది. ఒకప్పుడు ఏళ్లు పట్టిన ప్రయాణం నెల లోపలికి కుదించుకుపోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ నామ్‌కో ఆటతో తగిలింది. సోల్ కాలిబర్ 1998లో సిస్టమ్ 12 మీద, అంటే ప్లేస్టేషన్ వంశపు బోర్డు మీద ఆర్కేడ్‌లోకి వచ్చింది. 1999లో డ్రీమ్‌కాస్ట్‌కు దాన్ని మార్చేటప్పుడు బొమ్మలన్నిటినీ కొత్త యంత్రం శక్తికి తగ్గట్టు తిరిగి చేశారు. ఫలితంగా ఇంటి టీవీలోని ఆట ఆర్కేడ్ తెర మీది దానికంటే స్పష్టంగా అందంగా ఉంది. డబ్బులు పెట్టి బయటికి వెళ్లి చూడాల్సిన వింత ఇంట్లోనే ఇంకా బాగా కనిపించాక, కంటికింపు అనే ఒక్క కారణంతో ఆర్కేడ్ గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు.

సెగా దీనికి జవాబు బోర్డులో వెతకలేదు. నవోమీతో నడిచిన డర్బీ ఓనర్స్ క్లబ్‌లో ఆటగాళ్లంతా ఒక పెద్ద తెర ముందు కూర్చుని, తమ గుర్రం వివరాలున్న అయస్కాంత కార్డును పెట్టెలో పెట్టి పందెం ఆడేవారు. నవోమీ 2 మీద 2002లో వచ్చిన ఇనిషియల్ డీ ఆర్కేడ్ స్టేజ్‌లో ఆటగాడి కారు కార్డులో దాగి జేబులో ఇంటికి వెళ్లి, మర్నాడు తిరిగి వచ్చేది.

2001 జనవరి 31న సెగా డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇంటి యంత్రాల వ్యాపారం నుంచే తప్పుకుంది. విచిత్రంగా ఆ చిప్పులు ఆర్కేడ్‌లో మరెన్నో ఏళ్లు బతికాయి. సామీ సంస్థ 2003లో అదే కుటుంబపు భాగాలతో అటామిస్‌వేవ్ అనే చవక బోర్డు తెచ్చింది. నవోమీ మీద కొత్త ఆటలు వస్తూనే ఉండటంతో, వాటిని డ్రీమ్‌కాస్ట్‌కు మార్చడం చిన్న కంపెనీలకు తేలికైంది. మైల్‌స్టోన్ సంస్థ కారోస్ ఆట ఆ దారిలోనే 2007లో డ్రీమ్‌కాస్ట్‌కు చేరింది. 2020 తర్వాత అభిమానులు అటామిస్‌వేవ్ ఆటలను కూడా డ్రీమ్‌కాస్ట్ మీద నడిచేలా మార్చుకున్నారు.

శత్రువుల పొత్తు

ఇంటి యంత్రాల పోటీ నుంచి తప్పుకున్న సెగా ఇప్పుడు అందరికీ మిత్రపక్షం. 2002లో నింటెండో, సెగా, నామ్‌కో మూడూ కలిసి ట్రైఫోర్స్ బోర్డును ప్రకటించాయి. లోపల ఉన్నది నింటెండో గేమ్‌క్యూబ్. పదేళ్ల కింద ఒకరి ప్రకటనల్లో ఒకరిని ఎగతాళి చేసుకున్న నింటెండో, సెగాల పేర్లు ఒకే యంత్రం మీద కనిపించడం ఆటగాళ్లకు నమ్మశక్యం కాలేదు. సెగాలో తోషిహిరో నగోషి బృందం నింటెండో కోసం చేసిన ఎఫ్-జీరో ఏఎక్స్ 2003లో ఈ బోర్డు మీద వచ్చింది. దాని ఇంటి జోడు ఎఫ్-జీరో జీఎక్స్. ఆటగాడు తన గేమ్‌క్యూబ్ మెమరీ కార్డును ఇంటి నుంచి తెచ్చి ఆర్కేడ్ కేబినెట్‌లో పెట్టుకోవచ్చు. ఆర్కేడ్‌లో సాధించినది కార్డులో ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. 2005లో నామ్‌కో చేసిన మారియో కార్ట్ ఆర్కేడ్ జీపీ కేబినెట్‌లో కెమెరా ఉండేది. పరుగు మొదలయ్యే ముందు అది ఆటగాడి మొహం ఫొటో తీసి తెర మీద చూపేది.

అదే కాలంలో సెగా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ భాగాలతో చిహిరో బోర్డు చేసింది. ఎక్స్‌బాక్స్‌లో 64 మెగాబైట్ల మెమరీ, చిహిరోలో 128. అవుట్‌రన్ 2 దాని మీదే పరుగెత్తింది. నామ్‌కో ప్లేస్టేషన్ 2 చిప్పులతో సిస్టమ్ 246 కట్టి టెక్కెన్ 4, సోల్ కాలిబర్ 2 నడిపింది. ఒక్కో కంపెనీ తన ఆర్కేడ్ బోర్డును పునాది నుంచి తానే కట్టుకునే రోజులు దాదాపు ముగిసిపోయాయి.

అయితే ఇంటి యంత్రం కంటే చవకైన, తేలికైన భాగాలు మరో చోట దొరుకుతున్నాయి. 2004లో టైటో సంస్థ టైప్ ఎక్స్ పేరుతో తెచ్చిన ఆర్కేడ్ యంత్రం లోపల మామూలు కంప్యూటర్, దాని మీద విండోస్. 2005లో సెగా లిండ్‌బర్గ్ కూడా పెంటియమ్ 4 ప్రాసెసర్, లినక్స్‌తో వచ్చింది. నామ్‌కో ఇంకొంతకాలం పాత స్నేహాన్ని నిలబెట్టుకుని, ప్లేస్టేషన్ 3 ఆధారంగా చేసిన సిస్టమ్ 357 మీద 2007లో టెక్కెన్ 6 విడుదల చేసింది. 2015లో టెక్కెన్ 7 ఆర్కేడ్‌లోకి వచ్చేసరికి దాని లోపలా ఉన్నది కంప్యూటర్ భాగాలే. ఇరవై ఏళ్ల పాటు సోనీ చిప్పుల మీద సాగిన టెక్కెన్ వరస అలా తెగింది.

(వచ్చే భాగం: జేబులో గుర్రం, పర్సులో కారు – ఆర్కేడ్‌లను నిలబెట్టిన అయస్కాంత కార్డులు)